బడిలో వేసిన పుట్టినరోజు

శ్రీకాకుళం జిల్లా కంచిలిలో మొదటిసారి రైలు దిగినవాళ్లు కాస్త తికమక పడతారు. స్టేషన్ బోర్డు మీద సోంపేట అని ఉంటుంది, దిగింది మాత్రం కంచిలిలో. ఆ స్టేషన్‌కి నడిచి వెళ్లేంత దూరంలోనే నా నెట్ సెంటర్. రెండు కంప్యూటర్లు, ఒక జిరాక్స్ మెషీన్, ఒక లామినేషన్ మెషీన్. పన్నెండేళ్లుగా ఉద్దానం పిల్లల పాస్‌పోర్టు అప్లికేషన్లు, విదేశీ ఉద్యోగాల ఫారాలు ఇక్కడే కూర్చుని నింపుతున్నాను. కవిటి, ఇచ్ఛాపురం, మందస, బారువ, ఎక్కడి నుంచైనా వస్తారు.

ఈ పోస్టు మా చిన్నాన్న కూతురి గురించి. తనని అడిగి, తను సరే అన్నాకే రాస్తున్నాను.

చెల్లి విశాఖలో ఒక ల్యాబ్‌లో టెక్నీషియన్. బీఎస్సీ చదివింది. 2025 ఫిబ్రవరి 18, మంగళవారం నాడు సెలవు పెట్టి పొద్దున్న రైలుకే వచ్చేసింది. ఆ మధ్యాహ్నం రెండున్నరకి బ్రిటన్ ప్రభుత్వం యువతకి ఇచ్చే వీసాల బ్యాలెట్, అంటే లాటరీ, తెరుస్తోంది. సరిగ్గా రెండు రోజులు ఉంచి మూసేస్తారు. "ఫోన్‌లో నేనే చేసుకోవచ్చు అన్నయ్యా, కానీ నువ్వు పక్కనుంటే ధైర్యం" అంది.

ఫారం చిన్నదే. పేరు, పుట్టిన తేదీ, పాస్‌పోర్టు వివరాలు, పాస్‌పోర్టులో ఫొటో ఉన్న పేజీ స్కాన్, ఫోన్ నంబరు, ఈమెయిల్. పది నిమిషాల పని. ఒక్క రూపాయి ఫీజు లేదు. పుట్టిన తేదీ దగ్గరికి వచ్చేసరికి తన వేళ్లు ఆగిపోయాయి. పాస్‌పోర్టులో 01-06-1994 అని ఉంది.

"ఇది నా పుట్టినరోజు కాదు కదన్నయ్యా" అంది.

కాదు. అది నాకు బాగా తెలుసు. 1995లో దసరా వెళ్లిన వారానికి పుట్టింది తను. మా పిన్నికి నొప్పులు వస్తే బండి కట్టించడానికి మా నాన్న పరుగెత్తడం నాకు గుర్తుంది. 1999 జూన్‌లో వాళ్ల అన్నని బడికి తీసుకెళ్తుంటే ఇదీ వెంటపడి ఏడ్చింది. ఇద్దరినీ తీసుకెళ్లారు. ఒకటో తరగతిలో వేయాలంటే అయిదేళ్లు నిండాలి. హెడ్‌మాస్టారు వేళ్ల మీద లెక్కపెట్టి 1994 జూన్ 1 అని రాసేశారు. ఆయన చెడు చేద్దామని రాసింది కాదు. పిల్ల బడికొస్తానంటోంది, వెనక్కి పంపడం ఎందుకని రాశారు. మా ఊళ్లో నా ఈడు వాళ్లలో చాలామందికి పుట్టినరోజు జూన్‌లోనే ఉంటుంది, కారణం ఇదే. రిజిస్టర్‌లో పడిన ఆ తేదీ టెన్త్ మెమోలోకి వచ్చింది, అక్కడి నుంచి ఆధార్‌కి, పాన్‌కి, పాస్‌పోర్టుకి పాకింది. ఇన్నేళ్ల తర్వాత టెన్త్ మెమోలో తేదీ మార్పించడం ఎంత కష్టమో తిరిగినవాళ్లకే తెలుసు.

ఈ వీసా పేరు ఇండియా యంగ్ ప్రొఫెషనల్స్ స్కీమ్. 2021లో రెండు దేశాలూ ఒప్పందం చేసుకున్నాయి, మొదటి బ్యాలెట్ 2023 ఫిబ్రవరిలో జరిగింది. ఏడాదికి 3,000 మంది భారతీయులకి ఇస్తారు. ఎక్కువ భాగం ఫిబ్రవరి బ్యాలెట్‌లోనే అయిపోతాయి, మిగిలినవి జూలైలో. దొరికితే రెండేళ్లు అక్కడ ఉండి దాదాపు ఏ పనైనా చేసుకోవచ్చు. ముందుగా ఉద్యోగం ఇచ్చే కంపెనీ ఉండాలన్న షరతు లేదు. మనలాంటి ఊళ్ల పిల్లలకి ఇది చాలా పెద్ద విషయం. అయితే ఇందులో ఉద్యోగం ఎవరూ ఇవ్వరు, దిగాక మనమే వెతుక్కోవాలి. ఈ ఒక్క మాట ఎన్నిసార్లు చెప్పినా సగం మందికి ఎక్కదు.

వయసు 18 నుంచి 30 లోపు ఉండాలి. అంటే వీసాకి అప్లై చేసే రోజుకి 31 నిండకూడదు. కనీసం డిగ్రీ చదివి ఉండాలి. 18 ఏళ్లలోపు పిల్లలు మనతో ఉంటున్నా, వాళ్ల పోషణ మన మీద ఉన్నా కుదరదు. భర్తనో భార్యనో వెంట తీసుకెళ్లడానికి లేదు, వాళ్లు కూడా విడిగా బ్యాలెట్‌లో పడాల్సిందే. ఇంతకుముందు ఈ వీసా మీద ఒకసారి వెళ్లొచ్చినవాళ్లకి మళ్లీ ఇవ్వరు.

చెల్లికి అన్నీ సరిపోయాయి, ఒక్క జూన్ 1 తప్ప. ఫిబ్రవరిలో పేరు వస్తే మే నెలాఖరులోపు వీసాకి పెట్టేయాలి. రాకపోతే జూలై నాటికి కాగితం ప్రకారం 31 దాటిపోతుంది. అంటే తనకి అదే ఆఖరి బ్యాలెట్.

డబ్బు సంగతి దగ్గర మా చిన్నాన్న చాలా నలిగాడు. 2,530 పౌండ్లు, అప్పటి రేటులో సుమారు 2 లక్షల 80 వేలు, అభ్యర్థి సొంత ఖాతాలో వరసగా 28 రోజులు ఉండాలి. తండ్రి ఖాతాలో ఉందంటే చెల్లదు. ఆ 28వ రోజు కూడా అప్లై చేసే రోజుకి ముందు 31 రోజుల లోపు పడాలి. ఇది కాక వీసా ఫీజు అప్పట్లో 298 పౌండ్లు, ఆ ఏప్రిల్ నుంచి 319 చేశారు. అక్కడి ప్రభుత్వ వైద్యం కోసం కట్టే హెల్త్ సర్‌చార్జ్ ఏడాదికి 776 చొప్పున రెండేళ్లకి 1,552 పౌండ్లు ఒకేసారి కట్టాలి. అదే లక్షా డెబ్బై వేల దాకా అవుతుంది. ఫీజులు, సర్‌చార్జ్ పోగా ఆ 2,530 ఖాతాలో అలాగే మిగలాలి. చిన్నాన్న చీటీ ఎత్తాడు. జీడి పిక్కలు చేతికొచ్చేది ఏప్రిల్‌లో, వ్యాపారి దగ్గర ముందే కొంత అడ్వాన్స్ తీసుకున్నాడు. తిత్లీ తుఫాను 2018లో మా వైపు జీడి, కొబ్బరి చెట్లని నేలమట్టం చేశాక మళ్లీ నాటిన మొక్కలు అవి. ఇప్పుడిప్పుడే కాపుకొస్తున్నాయి.

ఈ 28 రోజుల విషయంలో ఒక అబ్బాయి సంగతి చెప్పాలి. ఇచ్ఛాపురం అబ్బాయి, బీటెక్. 2024లో బ్యాలెట్‌లో పేరు వచ్చింది. ఆనందంతో ఆ రోజే వాళ్ల నాన్న డబ్బులు ఖాతాలో వేయించాడు, సరిగ్గా లెక్కకి సరిపడా. నేను స్టేట్‌మెంట్ ప్రింట్ తీస్తుంటే 21వ రోజు దగ్గర బ్యాలెన్స్ పడిపోయి కనిపించింది. బైక్ ఈఎంఐ. ఆటో డెబిట్ పెట్టుకున్నది అతనే మర్చిపోయాడు. మూడు రోజుల తర్వాత జీతం పడి మళ్లీ పైకి లేచింది గానీ, ఆ మూడు రోజులూ గీత కింద ఉన్నట్టే లెక్క. స్టేట్‌మెంట్ మీద ఆ వరసని వేలితో చూపిస్తే అబ్బాయి ముఖం తెల్లబోయింది. అదృష్టం బాగుండి అప్లై చేయడానికి 90 రోజుల గడువు ఉంది. మొదటి రోజు నుంచి మళ్లీ లెక్క మొదలుపెట్టాం. ఈసారి ముప్పై వేలు అదనంగా ఉంచమన్నాను. రూపాయి విలువ కాస్త తగ్గినా ఆ 2,530కి మనం చూపించాల్సిన రూపాయలు పెరుగుతాయి. టీబీ పరీక్ష సర్టిఫికెట్ కూడా వాళ్లు అనుమతించిన క్లినిక్‌లోనే తీసుకోవాలి. వెళ్లాడు. ఇప్పుడు అక్కడే ఉన్నాడు, వాళ్ల నాన్న ఎప్పుడు కనిపించినా టీ తాగించకుండా వదలడు.

చెల్లికి మాత్రం రాలేదు. రెండు వారాల్లోపు మెయిల్ వస్తుందన్నారు, వచ్చింది. అందులో తన పేరు ఎంపిక కాలేదని ఉంది. బ్యాలెట్ అంటే కంప్యూటర్ తీసే లాటరీ, ఎందుకు రాలేదని అడగడానికీ లేదు, అప్పీలూ లేదు. చిన్నాన్న చీటీ డబ్బులు తిరిగి పట్టుకెళ్లి వడ్డీ అప్పు కొంత తీర్చేశాడు.

జూలై 22న బ్యాలెట్ మళ్లీ తెరిచారు. ఆ రోజు తను డ్యూటీలో ఉంది. నాకు మెసేజ్ పెట్టింది, "ఈరోజే కదా అన్నయ్యా" అని. పుట్టిన లెక్కలో తనకి ఇంకా 29. కాగితం లెక్కలో 31 నిండి యాభై ఒక్క రోజులు. ఏం రాయాలో తెలియక చాలాసేపు ఫోన్ పట్టుకుని కూర్చున్నాను.

అంతకుముందు ఆస్ట్రేలియాకి కూడా ప్రయత్నించాం. వాళ్లది వర్క్ అండ్ హాలిడే వీసా, సబ్‌క్లాస్ 462. మన దేశంతో కుదిరిన వాణిజ్య ఒప్పందంలో భాగంగా 2024 సెప్టెంబరులో మనవాళ్లకి మొదలైంది. ఏడాదికి వెయ్యి మందికే. అదీ బ్యాలెట్టే, అదే 18 నుంచి 30. రిజిస్ట్రేషన్‌కి 25 ఆస్ట్రేలియన్ డాలర్లు. ఇంటర్ తర్వాత కనీసం రెండేళ్లు చదివి ఉండాలి, ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లిష్ పరీక్షలో సగటున 4.5 వస్తే సరిపోతుంది, చేతిలో 5,000 డాలర్ల వరకూ ఉన్నట్టు చూపించాలి. ఏడాది ఉండొచ్చు, ఒకే యజమాని దగ్గర మామూలుగా ఆరు నెలలకి మించి చేయకూడదు. 2024 అక్టోబరులో రిజిస్ట్రేషన్ తెరిస్తే మొదటి రెండు వారాల్లోనే 40 వేల మంది పెట్టారని పేపర్లో వచ్చింది. అక్కడా చెల్లి పేరు రాలేదు.

దీంట్లో మన తెలుగువాళ్లకి వచ్చే చిక్కు ఇంకోటుంది. ఆ ఫారంలో పాస్‌పోర్టుతో పాటు పాన్ కార్డు అడుగుతారు. మన పేర్లు చూడండి. పాన్‌లో ఇంటిపేరు ముందు, పాస్‌పోర్టులో వెనక. ఒకచోట పొడి అక్షరం, ఇంకోచోట పూర్తి పేరు. నా దగ్గరికి వచ్చేవాళ్లకి నేను ముందు చేయించే పని ఇదే, టెన్త్ మెమో, ఆధార్, పాన్, పాస్‌పోర్టు నాలుగూ బల్ల మీద వరసగా పరిచి అక్షరం అక్షరం చదవడం. తేడా ఉంటే పాన్ సరిచేయించుకోవడం తేలిక, ఆ పని బ్యాలెట్ తెరవక ముందే చేసుకోవాలి.

కెనడా గురించి కూడా రోజూ అడుగుతారు. అక్కడ ఇలాంటి యువత పథకానికి ఇంటర్నేషనల్ ఎక్స్‌పీరియన్స్ కెనడా అని పేరు. అది ఒప్పందం ఉన్న దేశాలకే, ఆ జాబితాలో మన దేశం లేదు. "కెనడా వర్కింగ్ హాలిడే ఇప్పిస్తాం" అని ఎవరైనా అంటే అక్కడే లేచి వచ్చేయండి. అలాగే బ్రిటన్ బ్యాలెట్‌లో పేరు తెప్పిస్తామని విశాఖలో ఒకాయన అరవై వేలు అడిగాడట, చెల్లి స్నేహితురాలు కట్టింది కూడా. లాటరీలో పేరు ఎవరూ తెప్పించలేరు. ఊరికే పెట్టుకునే ఫారానికి ఆ పిల్ల రెండు నెలల జీతం పోయింది.

నాకు ఇంత కోపం ఎందుకంటే, నేను కూడా అలా పోయినవాణ్నే. 2010లో మలేసియా. తొంభై వేలు కట్టాను, అమ్మ గాజులు కుదువపెట్టి. "విజిట్ మీద దిగు, పర్మిట్ అక్కడ మా మనిషి చేయిస్తాడు" అన్నాడు ఏజెంటు. దిగాను. మనిషి వచ్చాడు, పాస్‌పోర్టు తీసుకున్నాడు, ఫర్నిచర్ షెడ్డులో పడేశాడు. పర్మిట్ రాలేదు. విజిట్ గడువు అయిపోయింది. పోలీసు బండి శబ్దం వినిపిస్తే చెక్క దుంగల వెనక దాక్కునేవాళ్లం. అయిదు నెలల తర్వాత ఇంటి నుంచి టికెట్ డబ్బులు తెప్పించుకుని, జరిమానా కట్టి వచ్చాను. ఆ రంపపు పొట్టు వాసన ఎక్కడ తగిలినా ఇప్పటికీ నాకు గుండె దడ మొదలవుతుంది.

అందుకే విజిట్ అన్న మాట వీసా మీద కనిపిస్తే ఊరుకోలేను. మొన్న కవిటి నుంచి ఒక తండ్రీ కొడుకులు వచ్చారు. "బాబూ, మా గుంటడికి దుబాయి వీసా వచ్చేసినాది, నాలుగు జిరాక్సులు తియ్యి" అన్నాడాయన సంతోషంగా. కాగితం మెషీన్ మీద పెట్టబోతూ చదివాను. వీసా రకం దగ్గర విజిట్ అనే ఉంది. కుర్రాడు వెల్డర్, టెన్త్ తప్పాడు. పాస్‌పోర్టు తెరిస్తే ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్ అని ఉంది. టెన్త్ పాసైనవాళ్లకి ఆ మాట ఉండదు. అది ఉన్నవాళ్లు గల్ఫ్ దేశాలు, మలేసియా వంటి 18 దేశాలకి ఉద్యోగానికి వెళ్లాలంటే ఈ-మైగ్రేట్ అనే ప్రభుత్వ సైట్‌లో అనుమతి తప్పనిసరి. విజిట్ మీద వెళ్తే ఆ రక్షణ అంతా పోయినట్టే. జీతం ఇవ్వకపోయినా అడగడానికి చేతిలో ఒప్పందం ఉండదు. లైసెన్సు ఉన్న ఏజెంటు ఎవరో ఆ సైట్‌లోనే చూసుకోవచ్చు. అతను సర్వీస్ చార్జి కింద 30 వేలు, దాని మీద జీఎస్టీ, అంతకుమించి తీసుకోకూడదు. ప్రవాసీ భారతీయ బీమా రెండేళ్లకి 275 రూపాయలు, ప్రమాదంలో ప్రాణం పోతే ఇంటికి పది లక్షలు వస్తాయి. వీళ్లు అప్పటికే లక్షా ఇరవై ఇచ్చేశారు.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "జిరాక్సులు వద్దులే బాబూ" అని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. కొడుకుని అప్పుడు పంపలేదు. ఇచ్చిన డబ్బులో సగం వెనక్కి రాబట్టారని తర్వాత తెలిసింది. ఆ సగం కోసం పెద్దమనుషుల్ని పెట్టాల్సి వచ్చింది. 2024లో కంబోడియాలో డేటా ఎంట్రీ ఉద్యోగాలని తీసుకెళ్లి సైబర్ మోసాలు చేయించిన ముఠా నుంచి మన ఉత్తరాంధ్ర పిల్లల్ని విశాఖ పోలీసులు వెనక్కి రప్పించారు కదా. ఆ వార్త పేజీ కత్తిరించి షాపు గోడకి అంటించాను. వచ్చిన ప్రతి కుర్రాడూ నిలబడి చదువుతాడు.

ఇక చెల్లి. ముప్పై దాటినా తలుపు మూయని దారి ఒకటి ఉందని ఇద్దరం కూర్చుని వెతికితే దొరికింది. జపాన్ వాళ్ల స్పెసిఫైడ్ స్కిల్డ్ వర్కర్ వీసా. 2019లో మొదలుపెట్టారు, 2021లో మన దేశంతో ఒప్పందం అయింది. 18 నిండితే చాలు, పైన వయసు పరిమితి పెట్టలేదు. లాటరీ కాదు, పరీక్షలు. ఆమె ఎంచుకున్నది వృద్ధుల సంరక్షణ. దానికి ఆ పని పరీక్ష ఒకటి, ఆ పనికి సంబంధించిన జపనీస్ పరీక్ష ఇంకోటి, వీటితో పాటు మామూలు జపనీస్‌లో ఎన్4 అనే ప్రాథమిక స్థాయి పాసవ్వాలి. మొదటి రకం వీసాలో అయిదేళ్ల వరకూ ఉండొచ్చు, కుటుంబాన్ని తీసుకెళ్లడానికి లేదు. పొద్దున్నే అయిదింటికి లేచి రాసుకుంటోంది. నోటుబుక్కు చూపించింది, ఒక్కో అక్షరం పేజీ నిండా, దాని పక్కన ఎర్ర పెన్నుతో తెలుగులో పలకడం ఎలాగో. "మా ల్యాబ్‌లో శాంపిల్ బాటిళ్ల మీద కూడా మనసులో అవే రాసుకుంటున్నాను అన్నయ్యా" అంది. ఎన్4 డిసెంబరులో రాస్తానంటోంది.

చిన్నాన్న మాత్రం ఆ జూన్ 1ని మర్చిపోలేకపోతున్నాడు. "ఇంగ్లండోడు మన బడి రికార్డు సూస్తాడని అప్పుడు ఎవులికి తెలుసురా" అంటాడు, ఎవరూ తనని ఏమీ అనకపోయినా.

పోయిన వారం మనవణ్ని ఒకటో తరగతిలో వేయడానికి వెళ్తూ నా షాపు దగ్గర ఆగాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. బాబు పుట్టిన సర్టిఫికెట్ ప్లాస్టిక్ కవర్లో పెట్టి పట్టుకొచ్చాడు. మూడు జిరాక్సులు తీయమన్నాడు. ఒరిజినల్ లామినేషన్ చేయమంటే వద్దన్నాను, ఎక్కడైనా స్టాంపు వేయాల్సి వస్తే పనికిరాదని. సరేనని తల ఊపి, తేదీ ఉన్న చోట వేలు పెట్టి నెమ్మదిగా చదువుకున్నాడు.

"ఇదే రాస్తారు కదా?"

"ఇదే రాస్తారు చిన్నాన్నా. ఇప్పుడు ఆధార్, సర్టిఫికెట్ రెండూ చూసే రాస్తారు."

"అయినా సరే" అన్నాడు, మనవడి చెయ్యి పట్టుకుని మెట్లు దిగుతూ. "మాస్టారు రాసేదాకా నాను పక్కనే నిల్సుంటాను."